కష్టపడ్డ ఒంటికి మళ్లీ కదలికలెందుకు?

"డ్యూటీలోనే ఒళ్లు హూనమైపోనాది. రిటైరయ్యేక కూడా మళ్లీ ఎక్సర్‌సైజేటి బాబూ?"

భిలాయి వైపు జాముల్‌లోనూ, ఖుర్సీపార్‌లోనూ, పవర్‌హౌస్ స్టేషన్ చుట్టుపక్కలా తెలుగువాళ్ల ఇళ్లలో నడుంనొప్పి మాట వస్తే చర్చ చివరికి ఇక్కడే ఆగుతుంది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి రాయ్‌పూర్ లైను రైలెక్కి వచ్చి, ఉక్కు కర్మాగారంలోనో, సిమెంటు ఫ్యాక్టరీలోనో, వాటి చుట్టూ మొలిచిన చిన్న కార్ఖానాల్లో ఠేకేదారు కిందో పాతికేళ్లు, ముప్ఫయ్యేళ్లు పనిచేసిన వాళ్ల ప్రశ్న ఇది. "రోజూ కాస్త వ్యాయామం చెయ్యండి" అని డాక్టరు అనగానే, ఇన్నాళ్ల చాకిరీ ఆయన లెక్కలోకి రాలేదన్నట్టు వినిపిస్తుంది. అడగడంలో న్యాయముంది. సమాధానం కూడా ఒక్క ముక్కలో తేలేది కాదు.

పనే వ్యాయామం కాదా?

కాదు. కారణం చెప్పుకునే ముందు ఇక్కడి పని ఎలాంటిదో ఒకసారి చూడాలి. భిలాయి మొదటి బ్లాస్ట్ ఫర్నెస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఇనుము కరిగించాక మిగిలే స్లాగును క్లింకరుతో కలిపి సిమెంటు చెయ్యొచ్చు కాబట్టి ఆ పక్కనే జాముల్‌లో 1965లో ఏసీసీ ఫ్యాక్టరీ వచ్చింది. 2022లో అది అదానీల చేతికి వెళ్లింది గానీ సిమెంటు బస్తా బరువు మాత్రం ఇప్పటికీ 50 కిలోలే. బ్రిటన్‌లో అదే బస్తా 25 కిలోలు. ఇక్కడి ఎండ వేసవిలో నలభై అయిదు డిగ్రీల దాకా పోతుంది. దుమ్ము, సెగ, షిఫ్టులు సరేసరి.

ఇలాంటి పని గుండెకీ కండరాలకీ మేలు చేస్తుందనే చాలాకాలం అనుకున్నారు. డెన్మార్క్‌లో ఆండ్రియాస్ హోల్టర్‌మన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఆ నమ్మకాన్ని కదిపారు. ఖాళీ సమయంలో చేసే శ్రమ ఆయుష్షు పెంచుతోంది, ఉద్యోగంలో చేసే శ్రమ పెంచడం లేదు, ఎందుకు అన్నది వాళ్ల ప్రశ్న. 2018లో 17 అధ్యయనాలను, మొత్తం 1,93,696 మంది వివరాలను కలిపి చూస్తే, బరువు పని చేసే మగవాళ్లలో ముందుగా చనిపోయే ముప్పు తేలిక పని చేసేవాళ్ల కంటే 18 శాతం ఎక్కువగా తేలింది. ఆడవాళ్లలో ఆ పెరుగుదల కనిపించలేదు. పొగతాగుడు, పేదరికం లాంటి కారణాలను లెక్కలోంచి తీసెయ్యాలని చూశారు. పూర్తిగా తీసెయ్యగలిగారా అనే వాదన నిపుణుల మధ్య ఇంకా నడుస్తోంది. ఆ వాదన ఎటు తేలినా, పనిలో అలసిపోవడమే ఆరోగ్యం అనుకోవడానికి మాత్రం ఇక వీల్లేదు.

ఎందుకలా? వ్యాయామంలో గుండె కాసేపు వేగంగా కొట్టుకుని తర్వాత నెమ్మదిస్తుంది. పనిలో ఎనిమిది గంటలూ ఓ మోస్తరు వేగంతో కొట్టుకుంటూనే ఉంటుంది, రక్తపోటు కూడా అలాగే పైకెక్కి ఉంటుంది. గుండెను గట్టిపరిచేంత తీవ్రత లేదు, తేరుకునేంత విరామమూ లేదు. బరువెత్తడం ఒకటైతే, ఎత్తి పట్టుకుని నిలబడటం ఇంకొకటి. బిగుసుకున్న కండరంలోకి రక్తం సరిగా పారదు. పైగా ఒకే వైపు వంగడం, ఒకే భుజం మీద మొయ్యడం. సి షిఫ్టు దిగి వచ్చి పగటిపూట రేకుల కింద పడుకునే నిద్ర ఒంటిని ఎంతవరకు బాగుచేస్తుందో ఆ పని చేసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు. నాకు అసలు తేడా అనిపించేది వేరే ఉంది. పనిలో ఒళ్లు ఎవరి వేగానికి కదులుతోంది? కన్వేయరు వేగానికి, కొలిమి వేళకి, గేటు బయట వరసగా నిలబడ్డ లారీల తొందరకి. నడుం "ఆగు" అన్నా ఆగే హక్కు మనిషికి లేదు. ఆ మాట వినకుండా ఉండటమే పనిమంతుడి లక్షణమని ముప్ఫయ్యేళ్లు నేర్పించారు. ఒంటి మాట వినడం మరిచిపోయిన మనిషికి కావలసింది ఇంకో పది దండీలు, బస్కీలు కావు. తన వేగానికి తాను కదలడం, కదులుతున్నప్పుడు ఏం జరుగుతోందో గమనించడం. ధ్యాస పెట్టి కదలడమంటే ఇంతే.

నొప్పి నడుంలో ఉంటే మెదడు సంగతి ఎందుకు?

ఈ ముక్క చాలామందికి కోపం తెప్పిస్తుంది. "అంటే నా నొప్పి ఉత్తిదా?" అని. ఉత్తిది కాదు. నొప్పంతా నిజమైన నొప్పే. కాకపోతే నొప్పి ఎంత ఉందో, లోపల దెబ్బ ఎంత తగిలిందో ఈ రెండు లెక్కలూ ఎప్పుడూ కలవాలని లేదు.

స్కానింగు కాగితం తీసుకుని "డిస్కు అరిగిపోయిందట" అంటూ బెంగపడేవాళ్లు 2015లో వచ్చిన ఒక లెక్క వినాలి. ఏ నొప్పీ లేని 3,110 మంది వెన్ను స్కాన్లను కలిపి చూశారు. నొప్పి లేని ఇరవయ్యేళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్కుల్లో అరుగుదల ఉంది. ఎనభయ్యేళ్ల వాళ్లలో 96 శాతం మందికి ఉంది. జుట్టు తెల్లబడినంత మామూలుగా డిస్కులూ మారతాయన్నమాట. అరుగుదల వల్ల నొప్పి ఎప్పుడూ రాదని కాదు. కాగితం మీద ఆ మాట కనపడగానే, ఇక కదిలితే విరిగిపోతానని ముడుచుకుపోవాల్సిన పని లేదు.

నొప్పి గురించి మన ఆలోచన మారడం రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరితో మొదలైంది. వెన్నుపాములో ఒక గేటు లాంటి ఏర్పాటు ఉంటుందని, నొప్పి కబురు మెదడుకి ఎంత చేరాలో అక్కడే హెచ్చుతగ్గులవుతుందని వాళ్లు ప్రతిపాదించారు. అది 1965. జాముల్ ఫ్యాక్టరీ పెట్టిన ఏడాదే. అందులోని వివరాలు తర్వాత చాలా మారాయి గానీ అసలు మాట నిలిచింది. నొప్పి కబురు వచ్చే దారిలోనే పెరగగలదు, తగ్గగలదు.

ప్లాంటులో గ్యాస్ అలారం ఉంటుంది. గ్యాస్ నిజంగా లీకైతే మోగాలి. కానీ దాన్ని మరీ సున్నితంగా బిగిస్తే పక్కనుంచి ట్రక్కు పోయినా మోగుతుంది. నెలల తరబడి నొప్పి పడ్డ ఒంట్లో జరిగేది ఇలాంటిదే. నరాలు, వెన్నుపాము, మెదడు కలిసి హెచ్చరిక మోగే గీతను కిందికి దించేస్తాయి. వంగితే చాలు, కొన్నాళ్లకి వంగుతానన్న ఆలోచన వస్తే చాలు, నడుం బిగుసుకుంటుంది. ఆ బిగుతే మళ్లీ నొప్పి పుట్టిస్తుంది. నొప్పికి భయపడి కదలడం మానేస్తాం, మానేసేకొద్దీ కండరం బలం తగ్గుతుంది, బలం తగ్గిన కండరం కాస్త పనికే నొప్పెడుతుంది.

ఈ తిరుగుడులోంచి బయటపడాలంటే "ఈ కదలిక వల్ల ప్రమాదం లేదు" అని నాడీమండలానికి తెలియాలి. మాటలతో చెబితే అది వినదు. ప్రమాదం లేని కదలికను మళ్లీ మళ్లీ అనుభవించాలి.

అయితే నెమ్మదిగానే ఎందుకు?

ఎర్నెస్ట్ వెబర్ అనే జర్మన్ శాస్త్రవేత్త పందొమ్మిదో శతాబ్దంలోనే ఒక సంగతి కనిపెట్టాడు. చేతిలో బరువు మారిందని తెలియాలంటే అది ఇంత అని కాదు, ఉన్న బరువులో ఇన్నో వంతు మారాలి. బరువుల విషయంలో ఆ వంతు ఇంచుమించు యాభైలో ఒకటి. నూరు గ్రాముల వస్తువు పట్టుకున్నవాడికి రెండు గ్రాముల తేడా అందుతుంది. 50 కిలోల బస్తా మోస్తున్నవాడికి కిలో దాకా పెరిగితే గానీ తెలియదు. బలం ఎక్కువ పెట్టేకొద్దీ గమనింపు మొద్దుబారుతుంది. తగ్గించేకొద్దీ పదునెక్కుతుంది. నడుం ఎక్కడ బిగుస్తోందో, ఊపిరి ఎప్పుడు ఆగిపోతోందో తెలుసుకోవాలంటే కదలిక చిన్నదిగా, నెమ్మదిగా ఉండాలనడానికి ఆధారం ఇదే.

ఈ సూత్రాన్ని సాధనలోకి తెచ్చినవాడు యోగీ కాదు, వైద్యుడూ కాదు, ఇంజనీరు. ఇనుమూ సిమెంటూ తెలిసిన ఊరికి ఆయన కథ నచ్చుతుందనుకుంటాను. మోషే ఫెల్డెన్‌క్రైస్ ఇప్పటి ఉక్రెయిన్‌లో 1904లో పుట్టాడు. కుర్రతనంలోనే పాలస్తీనాకు వలస వెళ్లి అక్కడ కూలి పని చేశాడు. ఫుట్‌బాల్ ఆటలో మోకాలు దెబ్బతింది. తర్వాత పారిస్‌లో ఇంజనీరింగు చదివి జోలియో-క్యూరీ ప్రయోగశాలలో పనిచేశాడు, జూడోలో బ్లాక్ బెల్టు తెచ్చుకున్నాడు. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌లో జలాంతర్గాముల మీద పరిశోధన చేస్తున్నప్పుడు పాత మోకాలు మళ్లీ తిరగబెట్టింది. ఆపరేషను చేసినా బాగవుతుందన్న భరోసా లేకపోవడంతో ఆయన దాని జోలికి పోలేదు. తన నడకను తానే ఒక యంత్రాన్ని విప్పి చూసినట్టు ముక్కలు ముక్కలుగా గమనించడం మొదలుపెట్టాడు. బరువు ఏ కాలి మీద ఎప్పుడు పడుతోంది, తుంటి ఎందుకు రావడం లేదు, మెడ ఎందుకు బిగుస్తోంది? మోకాలికి దెబ్బ అలాగే ఉంది, నడిచే తీరు మారింది. ఆ పాఠాలనే 1972లో పుస్తకంగా వేశాడు. ఆయన పాఠాల్లో ఎక్కువ భాగం నేల మీద పడుకుని చేసేవే. బలపరీక్షలు ఉండవు, అద్దం ఉండదు, "ఇంకా వంచు" అనే కేక ఉండదు.

ఆస్ట్రేలియాలో పుట్టిన ఫ్రెడరిక్ అలెగ్జాండర్‌ది ఇంకో దారి. వేదికల మీద పద్యాలు చదివే ఆయనకు గొంతు పోతుండేది. అద్దాల ముందు నిలబడి చూసుకుంటే, నోరు తెరవబోయే ముందే తల వెనక్కి లాగి మెడ బిగిస్తున్నానని తేలింది. ఆ బిగింపును ముందే పసిగట్టి వదిలెయ్యడమే ఆయన నేర్పిన విద్య. దీన్ని బ్రిటన్‌లో 579 మంది నడుంనొప్పి రోగుల మీద పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటించారు. మామూలు వైద్యం మాత్రమే పొందినవాళ్లు ఏడాది తర్వాత నాలుగు వారాల్లో 21 రోజులు నొప్పితో గడిపితే, 24 పాఠాలు నేర్చుకున్నవాళ్లు 3 రోజులు గడిపారు.

మనకి ఇవన్నీ బయటి పేర్లే గానీ విషయం కొత్తది కాదు. 1930ల్లో మైసూరు ప్యాలెస్‌లో యోగశాల నడిపిన తిరుమలై కృష్ణమాచార్య ఊపిరినీ కదలికనూ కలిపి నేర్పాడు. ఆసనం మనిషికి తగ్గట్టు మారాలి తప్ప ఆసనానికి తగ్గట్టు మనిషి విరగకూడదన్నది ఆయన చివరి రోజుల బోధన సారం. ఆ మాట మన యోగా తరగతుల్లో ఎంత మిగిలిందన్నది నా అనుమానం. 2025 జూన్ 21న విశాఖ బీచ్ రోడ్డులో మూడు లక్షల మందికి పైగా ఒకేసారి యోగా చేశారు. చూడముచ్చటగానే ఉంది. కానీ మైకులో అంకెలు లెక్కపెడుతుంటే లక్షల మంది ఒకే వేగంతో వంగి లేవడం మళ్లీ కన్వేయరు వేగమే. మోకాలు అరిగిన అరవయ్యేళ్ల మనిషి పక్కవాడిని చూసి వంగితే ఆ నొప్పి ఆయనే పడాలి.

సరే, ఎలా చెయ్యాలి?

నేల మీద చాపో దుప్పటో పరుచుకోవాలి. మెత్తటి పరుపు వద్దు. ఒళ్లు ఎక్కడ ఆనుతోందో చెప్పేది గట్టి నేలే. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పాదాలు నేలకి ఆనించాలి. తల కింద మడత పెట్టిన తువ్వాలు ఉంటే మంచిది. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ చెయ్యొద్దు. కుడి భుజం ఎంత ఆనుతోంది? ఎడమది? నడుం కింద చెయ్యి దూరేంత ఖాళీ ఉందా? ఊపిరి పొట్టలోకి వస్తోందా, రొమ్ములోనే ఆగుతోందా? సరిచెయ్యాలని చూడకుండా గమనిస్తే చాలు. ఏళ్ల తరబడి ఒకే భుజం మీద బరువు మోసినవాళ్లకి రెండు వైపులా ఒకేలా ఆనకపోవడం ఇక్కడే తెలుస్తుంది.

తర్వాత తుంటిని నెమ్మదిగా, ఓ అంగుళమంత, పొట్టవైపు దొర్లించాలి. నడుం కింది ఖాళీ తగ్గుతుంది. మళ్లీ వెనక్కి వదిలితే ఖాళీ పెరుగుతుంది. ఒకసారి వెళ్లి రావడానికి ఒక ఊపిరంత సమయం. పదిసార్లు చేసి ఆగిపోవాలి, కాళ్లు చాచి పడుకోవాలి. ఈ ఆగడం సోమరితనం కాదు. జరిగిన మార్పు మెదడుకి అందేది అప్పుడే. రెండో విడతలో అదే కదలికను సగం బలంతో చెయ్యాలి. మూడో విడతలో ఇంకా సగంతో. దవడ బిగుసుకుందా, పిడికిలి ముడుచుకుందా, ఊపిరి ఆగిందా అని మధ్యమధ్యలో చూసుకోవాలి. తుంటి కదిలితే దవడకేం పని అని మీకే నవ్వొస్తుంది. కానీ అది బిగుసుకునే ఉంటుంది.

ఆపైన మోకాళ్లు రెండూ కలిపి కుడి పక్కకి కొద్దిగా వాల్చి, మధ్యకి తేవాలి. నేలని తాకించాలన్న పట్టుదల వద్దు. కుడివైపు ఓ ఎనిమిది సార్లు చేసి, ఎడమవైపు చెయ్యకముందే కాళ్లు చాచి చూడండి. రెండు పక్కలా ఆనడంలో తేడా తెలిసిందంటే సాధన మొదలైనట్టే. ఇంక ఎడమవైపు. లేచేటప్పుడు పొట్టమీద బలం పెట్టి చటుక్కున లేవకుండా పక్కకి దొర్లి, చేత్తో నేలని నెట్టి లేవాలి. మొత్తం పదిహేను నిమిషాల పని.

నేల మీద పడుకుని లేవలేనివాళ్లకి కుర్చీ ఉంది. గోడకి ఆనించిన కుర్చీ అంచున కూర్చుని, పాదాలు వెనక్కి తెచ్చి, ఒంటిని ముందుకి వంచుతూ బరువు పాదాల మీదకి ఎప్పుడు దిగుతోందో చూడాలి. పూర్తిగా లేవక్కర్లేదు. పిరుదులు తేలికయ్యాయనిపించగానే వెనక్కి కూర్చోవచ్చు. మోకాలి నొప్పి ఉన్నవాళ్లు చాలామంది మెడని ముందుగా విసిరి లేస్తారు. బరువు పాదాల మీదకి వచ్చాక లేస్తే మోకాలి మీద పడే భారం తగ్గుతుంది.

నొప్పి వస్తే? సున్నా నుంచి పది దాకా కొలత పెట్టుకోండి. ఉన్నదాని మీద రెండు దాకా పెరిగి, మర్నాటికి మామూలుకి వస్తే ఫర్వాలేదు. అంతకు మించితే కదలిక పెద్దదైందని అర్థం. మానెయ్యక్కర్లేదు, చిన్నది చెయ్యండి. అదీ కుదరకపోతే ఆ కదలికను ఊహలో చెయ్యండి, అదీ పనికొస్తుంది.

ఆడవాళ్లకి వేరే చిక్కు ఉంది. ఇళ్లలో పాచిపని చేసేవాళ్లు, తల మీద ఇసుక గమేళాలు మోసే రేజాలు, పొద్దున్నే మూడు టిఫిన్ డబ్బాలు కట్టే గృహిణులు. వీళ్లకి ఉన్న అడ్డు సమయం ఒక్కటే కాదు. ఇంట్లో అందరూ మెలకువగా ఉండగా ఆడమనిషి చాప మీద వెల్లకిలా పడుకుంటే "ఏమైంది, ఒంట్లో బాగోలేదా?" అని అడుగుతారు. బాగున్నప్పుడు కూడా పడుకోవచ్చునని ఇంట్లోవాళ్లు నేర్చుకోవాలి. అప్పటిదాకా పడుకోబోయే ముందు పక్కమీదే పది నిమిషాలు చేసుకోవడం దారి. మెత్తగా ఉన్నా లేనిదాని కంటే నయం.

ఊపిరి గురించి ఎందుకంత పట్టింపు?

మనం మామూలుగా నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీస్తాం. దాన్ని ఆరుసార్లకి దింపితే గుండె కొట్టుకునే లయ, రక్తపోటును సరిచేసే వ్యవస్థ ఒకదానితో ఒకటి చక్కగా కుదురుకుంటాయి. క్రైస్తవుల జపమాల ప్రార్థన, బౌద్ధ మంత్రం రెండూ ఊపిరిని ఇంచుమించు ఆ వేగానికే తెస్తాయని ఇటలీ పరిశోధకులు 2001లో చూపించారు. విడిచే ఊపిరి తీసుకునే ఊపిరి కంటే కాస్త పొడుగ్గా ఉంటే ఒళ్లు వదులవుతుంది. అంతకు మించి కుంభకాలూ, కపాలభాతి మోతలూ వద్దు, ముఖ్యంగా బీపీ ఉన్నవాళ్లకి.

సిమెంటు దుమ్ములోనో, రాయి పిండిచేసే చోటో పనిచేసినవాళ్లకి మాత్రం ఆయాసం వస్తే ప్రాణాయామంతో సరిపెట్టుకోకండి. ఊపిరితిత్తుల పరీక్ష చేయించుకోవాలి. రాతి దుమ్ము వల్ల ఊపిరితిత్తులకి వచ్చే సిలికోసిస్ మన కార్మిక చట్టం ప్రకారం తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బు. దానికి పరిహారం హక్కు ఉంది. ఆ హక్కును ఊపిరి సాధనలో మరిచిపోకూడదు.

భయం కూడా ఒంట్లోనే ఉంటుందా?

2014 జూన్ 12న భిలాయి ఉక్కు కర్మాగారంలో గ్యాస్ లీకై ఆరుగురు చనిపోయారు. వాళ్లలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లు. 2018 అక్టోబర్ 9న కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైనులో మంటలు లేచి పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. ఇలాంటివి కళ్లారా చూసినవాడికి ఏళ్లు గడిచినా కుక్కర్ విజిలుకే ఒళ్లు ఉలిక్కిపడొచ్చు. ఆలోచనకి ముందే గుండె దడ, చెమట, పొట్ట బిగుతు వచ్చేస్తాయి. మాటల్లో చెప్పించే వైద్యం ఒక్కోసారి అక్కడిదాకా చేరదు.

అమెరికాలో బెస్సెల్ వాన్ డెర్ కోల్క్ బృందం, ఏ వైద్యానికీ లొంగని మానసిక ఆఘాతంతో ఉన్న 64 మంది స్త్రీలతో ఒక పరీక్ష చేసి 2014లో ప్రచురించింది. పది వారాలు, వారానికి ఒక గంట, శరీర స్పృహ మీద దృష్టి పెట్టిన యోగా. చివరికి యోగా చేసినవాళ్లలో 52 శాతం మందికి ఆ జబ్బు నిర్ధారణకి కావలసిన లక్షణాలు లేకుండా పోయాయి. ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవాళ్లలో అది 21 శాతం. చిన్న పరీక్ష, దాన్ని పట్టుకుని యోగాతో అన్నీ నయమైపోతాయని చెప్పకూడదు. కానీ ఆ తరగతుల్లో టీచరు ఎవరినీ ముట్టుకుని సరిచెయ్యలేదు, ఆజ్ఞలివ్వలేదు, "కావాలంటే ఇలా చెయ్యొచ్చు" అని మాత్రమే చెప్పింది. నిర్ణయం తమ చేతుల్లో ఉండటమే ఆ స్త్రీలకి మందైందని నా ఊహ. కళ్లు మూసుకుంటే భయం పెరిగేవాళ్లు తెరిచే చెయ్యాలి, తలుపువైపు మొహం పెట్టి కూర్చోవాలి. నిద్ర బొత్తిగా పోయినా, చచ్చిపోవాలనిపించినా మానసిక వైద్యుడి దగ్గరకే వెళ్లాలి.

ఇదంతా యాజమాన్యానికి సాకు కాదా?

కావచ్చు. బస్తా బరువు తగ్గించకుండా, మనుషుల్ని పెంచకుండా, లంచ్‌లో పది నిమిషాలు యోగా పెట్టించి చేతులు దులుపుకునే ఫ్యాక్టరీలు ప్రపంచమంతా ఉన్నాయి. ఈ ప్రాంతానికి ఆ మాట ఇంకెవరో చెప్పక్కర్లేదు. దల్లీ రాజహరా ఇనుప గనుల కార్మికులు 1977 పోలీసు కాల్పుల్లో చనిపోయిన తమవాళ్ల పేరున, తమ చందాలతో, తమ చేతులతో కట్టుకున్న షహీద్ ఆసుపత్రి 1983లో మొదలైంది. వాళ్ల నాయకుడు శంకర్ గుహ నియోగికి ఆసుపత్రి, మద్యం మానడం, కూలి రేటు మూడూ ఒకే పోరాటం. భిలాయి కార్ఖానాల ఠేకా కార్మికుల్ని కూడగడుతుండగా 1991 సెప్టెంబర్ 28 తెల్లవారుజామున ఆయన్ని నిద్రలోనే కాల్చి చంపారు. చాప మీద చేసే సాధన ఆ పోరాటానికి బదులు కాదు. బరువు తగ్గించమని అడగడమూ, ఉన్న నడుంని చూసుకోవడమూ రెండూ చెయ్యాలి.

ఇదే సందర్భంలో నడుం బెల్టు గురించి ఒక మాట. దీర్ఘకాలపు నడుంనొప్పికి బెల్టులు, ట్రాక్షన్ మామూలుగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబర్‌లో చెప్పింది. వ్యాయామం, నొప్పి గురించి అవగాహన లాంటివే సిఫారసు చేసింది. బెల్టుకి పెట్టే డబ్బు మిగులుతుంది.

ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

విదేశీ పేరున్న గురువు అక్కర్లేదు. ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు ఉంటే మొదట ఆయన్నో ఆమెనో అడగండి. యోగా టీచరు దగ్గరికి వెళితే ఒకటే చూడండి: "నాకిది నొప్పెడుతోంది" అంటే వెంటనే వేరే దారి చూపించేవాళ్లయితే ఉండండి, "ఓర్చుకో" అంటే వచ్చెయ్యండి. ఓర్చుకోవడం మీకు ఆయన నేర్పాలా?

దుర్గ్ దగ్గర థనౌద్‌లో ధమ్మ కేతు అనే విపశ్యన కేంద్రం ఉంది. పది రోజులు మౌనంగా, ఫీజు లేకుండా, ఒంట్లో పుట్టే స్పర్శల్ని గమనించడం నేర్పుతారు. గమనింపు విద్యకి అది గట్టి పునాదే. కానీ అక్కడ చేసేది గంటల తరబడి కూర్చోవడం, ఆ పది రోజులూ యోగా లాంటివి పక్కన పెట్టాలి. నడుం, మోకాళ్లు బాగా పట్టేసినవాళ్లు ఇంటి దగ్గర కొన్నాళ్లు కదిలి, దరఖాస్తులో తమ బాధ ఉన్నదున్నట్టు రాసి వెళ్లడం మేలు.

ఎప్పుడు ఆపెయ్యాలి?

మూత్రం, మలం పట్టు తప్పినా, రెండు కాళ్లలోనూ తిమ్మిరి లేదా బలహీనత వచ్చినా, కూర్చునే చోట స్పర్శ పోయినా అదేరోజు ఆసుపత్రికి. జ్వరంతో నడుంనొప్పి, కారణం లేకుండా బరువు తగ్గడం, పడుకున్నా తగ్గని రాత్రి నొప్పి, పైనుంచి పడ్డాక మొదలైన నొప్పి, ఒకప్పుడు కేన్సరు వచ్చినవాళ్లకి కొత్తగా వచ్చిన నొప్పి కూడా డాక్టరు చూడాల్సినవే. ఛాతీ నొప్పి, చెమటలు వస్తే చాప చుట్టేసి వెంటనే బయల్దేరండి.

ఎన్నాళ్లకి తగ్గుతుంది?

అమెరికాలోని బోస్టన్‌లో, ఎక్కువమంది తక్కువ ఆదాయం వాళ్లే ఉన్న 320 మంది దీర్ఘకాలపు నడుంనొప్పి రోగుల్ని తీసుకుని కొందరికి వారానికోసారి యోగా, కొందరికి ఫిజియోథెరపీ, కొందరికి ఒక పుస్తకం ఇచ్చారు. 2017లో ఫలితాలు వచ్చాయి. పన్నెండు వారాలకి యోగా ఫిజియోథెరపీకి తీసిపోలేదు, ఏడాది తర్వాత కూడా ఆ మేలు నిలిచింది. నొప్పి మాయం కాలేదు, ఓ మోస్తరుగా తగ్గింది, పనులు చేసుకోవడం తేలికైంది. కాబట్టి మూడు నెలలు ఇవ్వండి. మొదట నొప్పి తగ్గుతుందేమోనని చూడకండి. రాత్రి పక్కకి తిరిగినప్పుడు మెలకువ వస్తోందా, పొద్దున బూట్లు తొడుక్కోవడానికి ఎంతసేపు పడుతోంది, సెక్టార్ 5 బాలాజీ గుడి మెట్లు ఎక్కేటప్పుడు రెయిలింగు పట్టుకుంటున్నారా అన్నవి చూడండి. మూడు నెలలకీ వీటిలో ఒక్కటీ మారకపోతే, చేస్తున్నది చేస్తూ కూర్చోకుండా ఫిజియోథెరపిస్టుకి ఆ కదలికలన్నీ చేసి చూపించండి.